చప్పుడు లేని బండి

ఒడిశాలో గుణుపురం దాటి సవర కొండల్లోకి ఎక్కాక ఢిల్లీశ్వరరావు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. డుబుడుబు బాబు అనండి, ఏ ఊళ్లో ఉన్నాడో, ఏ దారిన దిగుతాడో కూడా చెబుతారు. ముప్పై రెండేళ్లుగా ఆ కొండ ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆయన. మలేరియాకి రక్తం తీస్తాడు, టీకాల పెట్టె మోస్తాడు, కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాస్తాడు. డుబుడుబు మాత్రం ఆయనది కాదు, ఆయన పాత మోటారు సైకిల్ రాజ్‌దూత్‌ది.

తాత శ్రీకాకుళం నుంచి వచ్చి వంశధార గట్టున సాగు మొదలెట్టాడు. తండ్రి సూర్యారావు చెరకు బాగా పండిన ఏడాది ఆ బండి కొన్నాడు. తండ్రి పోయాక అది కొడుక్కి వచ్చింది. తర్వాత ఎన్ని కొత్త బండ్లు వచ్చినా ఆయన మనసు అటు పోలేదు.

"కొత్త బండికి ఏటైందో అది సెప్పదురా మున్నా. ఒక లైటు ఎలిగించి ఊరుకుంటాది. ఇదైతే ముందు దగ్గుతాది, తర్వాత మూలుగుతాది, అప్పుడు గానీ పడుకోదు," అనేవాడు మెకానిక్కుతో.

"పడుకున్నాక లేపేవోడికి తెలుస్తాది గురూగారూ దాని సంగతి," అనేవాడు మున్నా, నల్లటి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

నడిదారిలో ఆగితే ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో గీకేవాడు. కేబులు తెగితే కంచె తీగ ముక్కతో ముడేసేవాడు. దాని సీటు పొడుగ్గా, బల్లలా ఉండేది. నిండు చూలాలిని మధ్యలో పక్కకి కూర్చోబెట్టి, వెనకాల మొగుణ్ణి ఎక్కించుకుని, రెంగగుడ నుంచి తారు రోడ్డు కూడలికి తొమ్మిది కిలోమీటర్లు దింపేవాడు. అంబులెన్సు కూడలి దాకానే వస్తుంది. పైన ఉన్నది రోడ్డు కాదు, రోడ్డు వేస్తామని ప్రతి ఎన్నికలకీ చెప్పే మట్టి దారి.

రెంగగుడ వాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా బాగోలేకపోతే గట్టు మీదకెక్కి, సిగ్నల్ దొరికిన చోట బాబుకి ఫోను చేస్తారు. కిందికొచ్చి చోడంబలి, అదే రాగి అంబలి, పొయ్యి మీద పెడతారు. అంబలి ఉడికేలోగా లోయ అవతలి నుంచి డుబుడుబు వినపడితే, బాబు వస్తున్నట్టు. వినపడకపోతే బండి ఎక్కడో పడుకున్నట్టు. అప్పుడు డోలీ కట్టి, గెడ్డ అనే కొండవాగు దాటే కాలిబాటన నేరుగా కిందికి దింపుతారు. మట్టి దారి పైన చుట్టూ తిరిగి వెళ్తుంది. ఇదీ ఆ ఊరి అత్యవసర వైద్యం. ఒక ముసలి ఇంజను చప్పుడు.

ఈసారి బండి రిజిస్ట్రేషన్ పొడిగించలేదు. పొగ ఎక్కువన్నారు. ఆరోగ్య శాఖ ఆఫీసులో సౌమ్యరంజన్ అని కుర్ర మేనేజరు, మర్యాదస్తుడే, కుర్చీ వేసి, బాబాయ్ అన్నట్టు ఒడియాలో మౌసా అని పిలిచి మరీ చెప్పాడు.

"మౌసా, కాగితం లేని బండి మీద గర్భిణిని ఎక్కించారనుకోండి. ఏదైనా అయితే మీ పెన్షన్ పోతుంది, నా ఉద్యోగం పోతుంది. ఆఫీసు బ్యాటరీ బండి ఇస్తోంది. తీసుకోండి."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు వెయ్యడానికి ముప్పై ఏళ్లుగా లేని తొందర, ఒక పాత బండిని ఆపడానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో అదే అర్థం కాదు.

రాజ్‌దూత్‌ని పశువుల శాలలో పెట్టి గోనె కప్పాడు. వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

"బండేనండి పోయింది. నాను పుట్టింటికెళ్తే ఒక్కపూటైనా ఇలగ ముద్ద మానీసేరా?" అని భార్య రోజారమణి దెప్పింది.

"నువ్వు తిరిగొస్తావని తెలుసు కదే," అన్నాడు.

నిజం చెప్పాలంటే కొత్త బండి హాయిగానే ఉంది. నడుం నొప్పి తగ్గింది. పెట్రోలు గొడవ లేదు. ఒక్కటే, దారికడ్డంగా పడుకున్న ఆవులు పక్కకి లేచేవి కావు.

రెండు వారాలు గడిచాయి. ఆషాఢం వానలు పట్టాయి. ఒక ఉదయం ఎలియాస్ సబర గట్టెక్కి ఫోను చేశాడు.

"బాబూ, రిబికాకి నొప్పులొచ్చేయి."

ఎలియాస్ భార్యకి ఇది మూడో కాన్పు. ముందు ఇద్దరూ ఇంట్లోనే పుట్టి దక్కలేదు. ఈ బిడ్డ ఆసుపత్రిలోనే పుట్టాలని ఢిల్లీశ్వరరావు తొమ్మిది నెలలుగా వెంటపడి చెప్పాడు.

"వస్తన్నాను. నువ్వు దిగి దాని కాడుండు," అని కూడలికి అంబులెన్సు చెప్పి బయల్దేరాడు.

కొత్త బండి మీద రెంగగుడ వెళ్లడం అదే మొదలు. బండి మారిందని చెప్పాలన్న ఊహే రాలేదు. మలుపుల్లో హారన్ కొట్టాడు. కింద పెద్ద రోడ్డున పోయే నీలగిరి దుంగల లారీలూ కొడతాయి హారను. అదెవరు లెక్కచేస్తారు?

పైకెళ్లేసరికి పొయ్యి మీద అంబలి ఉడికిపోయి ఉంది. ఒక ముసలామె మాత్రమే గుమ్మంలో ఉంది.

"డోలీ దిగిపోయింది. నువ్వు రాలేదు కదా," అంది, ఎదురుగా ఉన్న మనిషితో.

కాలిబాటన బండి దిగదు. వెనక్కి తిప్పి మట్టి దారినే కూడలికి పరుగెత్తించాడు. అంబులెన్సు ఉంది, డోలీ లేదు. డ్రైవరుతో కలిసి కాలిబాటన గెడ్డ దాకా ఎదురెళ్తే, అది పొంగి ఉంది. వాళ్లు అవతలి గట్టున, నీళ్లు తగ్గడానికి రెండు గంటలు కూర్చున్నారు. ఈయన నీళ్లలోకి దిగబోతే డ్రైవరు పట్టుకుని ఆపాడు. చివరికి డోలీ కూడలికి చేరింది. రిబికా బతికింది. ఆడపిల్ల, ఏడవలేదు.

పదో రోజున ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆలస్యానికి కారణం అన్న గడిలో ముందే రాసేశారు: కుటుంబం వాహనం కోసం వేచి ఉండలేదు. కింద ఆ ఇంటివాళ్ల వేలిముద్ర కావాలి.

ఆ రోజు బండి తీసుకెళ్లలేదు. డోలీ దిగిన దారినే నడిచి ఎక్కాడు. రిబికా గోడకి ఆనుకుని ఉంది. పాలు ఇగరడానికి ఛాతీకి బిగించి గుడ్డ కట్టారు.

"ఆ పొద్దు నువ్వెక్కడున్నావు బాబూ?" అడిగింది.

"మీరు గెడ్డకి దిగతన్నప్పుడు, మీకు పైనున్న దారినే ఎల్లేనమ్మా."

ఎలియాస్ తలూపాడు. "తలెత్తుంటే కనబడేవోడివి."

"ఎందుకెత్తుతాం? చప్పుడు లేదు కదా," అంది రిబికా. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు.

ఎలియాస్ కాగితంలో ఏముందో అడగలేదు. బాబు తెచ్చింది కదా అని బొటనవేలు చాపాడు. ఢిల్లీశ్వరరావు సిరా డబ్బా మూత పెట్టేశాడు. ఆ చాచిన చేతిని కాసేపు పట్టుకుని కూర్చుని, లేచి వచ్చేశాడు.

మర్నాడు కాగితం చూసి సౌమ్యరంజన్ ఖంగు తిన్నాడు. గడిలో ఉన్న మాట కొట్టేసి ఉంది. పక్కన వంకర ఒడియా అక్షరాలు: వాళ్లు వేచి ఉన్నారు. బండి మారిందని నేను చెప్పలేదు.

"ఇలా రాస్తే తప్పంతా మీ మీదకొస్తుంది మౌసా. రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉంది."

"మరి బిడ్డని పోగొట్టుకున్నోళ్ల మీదకి తొయ్యమంటావా?"

ఢిల్లీశ్వరరావు కాగితం మళ్లీ తన వైపు లాక్కున్నాడు. రోడ్డు సంగతి రాయడానికి అందులో గడి లేదు. అంచున నిలువుగా రాశాడు: అంబులెన్సు కొండెక్కే దారి లేదు. గెడ్డ మీద వంతెన లేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు.