బెమాన్అలీ నిద్రలో వంచిన రైలుదారి

మా ఊరు గుల్‌చాహ్ దగ్గర రైలుదారిని వంచింది ఒక మనిషి నిద్ర. సరే, మొత్తం వంపు కాదు, సగం. మిగతా సగం ఇంజనీరు తఫ్రెషీది.

బెమాన్అలీ కనాతులు తవ్వేవాడు. కొండ అడుగు నుంచి మా దానిమ్మ తోటలదాకా నేల కింద నీళ్ళు నడిచే సొరంగాలవి. ఆ పనిలో మేస్త్రీ కనక అందరికీ ఉస్తా. దిగేటప్పుడు తెల్లబట్టలే కట్టేవాడు. ప్రాణంతో పైకి రాకపోతే వాటితోనే పూడ్చేయవచ్చని.

తఫ్రెషీ ఎడారిలో గూటాలు పాతుకుంటూ తిన్నగా వచ్చాడు. ఆ వరుస మా పాత కనాతు వెన్ను మీదుగా పోతోందని ఊరి భయం. అందులోకి దిగే బావుల నోళ్ళు ఇసుకలో ఏనాడో పూడిపోయాయి. రైలుకట్ట బరువుకు అది కూలితే తోటలు ఎండిపోతాయి.

"చూపించు ఉస్తా," అన్నాడు తఫ్రెషీ. "పటంలో లేదు. రైలు నీ గాడిద కాదు, ఉన్నచోట తిరగడానికి. వంపు మైలు ముందే మొదలవ్వాలి. రేపు గీత ఖాయం చేసి పంపాలి."

"పటం గీసినాయన కిందికి దిగాడా?"

"నువ్వు దిగావా?"

"మా నాయన దిగాడు, నేను పుట్టకముందు. దీపం అక్కడే మరిచొచ్చాడట. మా అమ్మ చచ్చేదాకా దెప్పింది."

మధ్యాహ్నం బెమాన్అలీ తెల్లబట్టలు కట్టి, ఇసుకకు చెవి ఆనించి పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది.

"నీళ్ళు వింటున్నాడా మీ ఉస్తా?" తఫ్రెషీ నవ్వాడు.

"పొద్దున అరకుండ ఆష్ జావ తాగాడు బాబూ," అంది బెమాన్అలీ భార్య సొల్తాన్. "అదే వింటున్నాడు."

నీడలు సాగాయి. గాలి ఆగింది. గురకకీ గురకకీ మధ్య మాకూ ఏదో వినిపించింది, తడికాళ్ళతో ఎవరో నింపాదిగా నడుస్తున్నట్టు. బెమాన్అలీ కళ్ళు తెరవకుండానే లేచాడు. ముందు ఎవరో వెలుగు పట్టుకుపోతున్నట్టు నలభై అడుగులు నడిచి, గూటాల వరుసలోనే ఆగాడు.

"తవ్వండి."

అది పూడిపోయిన బావినోరే. మట్టి వదులుగా ఉంది. పొద్దు వాలేలోపే పలుగు ఖాళీలోకి జారి, చల్లటి ఊపిరి పైకొచ్చింది. కింద నీళ్ళు. గోడ తొర్రలో మట్టిప్రమిద, వెలుగుతూ. వెలుగుతోందనే నేనంటాను. నూనె వాసన ఒక్కటే వచ్చిందంటాడు తఫ్రెషీ. ఏమైతేనేం, మర్నాడే గూటాలు పీకించి వంపు గీశాడు.

ఇప్పుడు రైలు అక్కడ మెల్లగా పక్కకు ఒరుగుతుంది, పడుకున్నవాణ్ణి లేపకుండా తప్పుకుపోతున్నట్టు.

నిన్న కాలువలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న బెమాన్అలీకి ఇదంతా చదివి వినిపించాను.

"అంతా అబద్ధం," అన్నాడు. "దీపమూ లేదు, ఆషూ లేదు. అసలా రోజు నేను ఊళ్ళోనే లేను."