తెల్ల డబ్బా పాఠం

యెరో బా మాస్టారు తర్వాత్తర్వాత రెండుసార్లు గెలిచాడు. రాజధానికి వెళ్ళి శాసనసభలో కూర్చున్నాడు, మా రేవుకి పెద్ద పడవ తెప్పించాడు. అయినా గాంబియా నది ఒడ్డున మా ఊరు సారె గుబ్బాలో జనం ఆయన గెలుపుల గురించి మాట్లాడరు. ఓడిన ఎన్నిక గురించే మాట్లాడతారు, అదీ కాస్త తల వంచుకుని.

ఆయన పశువుల కాపరి కొడుకు. తెల్లదొర జిల్లా పెద్దని పిలిచి, నీ కొడుకుని బడికి పంపమన్నాడు. కన్నకొడుకుని పంపడానికి పెద్దకు మనసొప్పలేదు. కాపరి కొడుకుని చూపించి వీడే నా కొడుకన్నాడు. అలా పోతే పోయాడని పంపిన పిల్లాడు చదువుకుని తిరిగొచ్చి, వేరుశనగ గోదాము పక్కన గడ్డి పాక వేసి బడి పెట్టాడు. ఇరవై రెండేళ్ళు నడిపాడు. పాక పోయి రేకుల కప్పు వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. జిల్లా పెద్ద మేనల్లుడు నిలబడ్డాడు. గెలిస్తే బడిని తమ ఊరికి పట్టుకుపోతానని బాహాటంగానే చెప్పాడు. ఆ ఊరు నదికి అవతల. మా పిల్లలు రోజూ నది దాటి చదువుకోవడం కల్ల. అందుకే మాస్టారు పోటీకి దిగాడు. బడి నిలవాలి, అంతే. ఇంకే రాజకీయమూ ఆయన బుర్రకెక్కలేదు.

మా గాంబియాలో ఓటంటే గోళీ. గదిలోకెళ్ళి మనకు కావలసినవాడి రంగు డ్రమ్ములో గోళీ వదిలితే, లోపల గంట టింగుమంటుంది. బయట కూర్చున్న అధికారి ఆ శబ్దం కోసం చెవులు రిక్కించి ఉంటాడు. ఒకసారి మోగితే ఓటు, రెండోసారి మోగితే దొంగ. అక్షరం ముక్క రానివాళ్ళకీ ఇది తెలియాలని మాస్టారు బడి అరుగుమీద కిరసనాయిలు డబ్బా పెట్టి, లోపల సైకిలు గంట బిగించి, నెలల తరబడి ముసలీ ముతకా అందరిచేతా గులకరాళ్ళు వేయించాడు. గోడలకు కొట్టగా మిగిలిన సున్నం డబ్బాకి పూశాడు. అదీ ఆయన చేసిన తప్పు. ఎన్నికలకి మూడు వారాల ముందు రంగులు పంచితే తెలుపు మేనల్లుడికి పోయింది, మాస్టారికి బూడిద రంగు వచ్చింది.

మాస్టారు సైకిలు తొక్కుకుంటూ పదిహేను ఊళ్ళు తిరిగి రంగు మారిందని చెప్పాడు. సారె గుబ్బాకి మాత్రం కబురు పంపి ఊరుకున్నాడు. సొంత ఊరు, తన వాళ్ళు, వాళ్ళకు వేరే చెప్పాలా అనుకున్నాడు.

ఓట్ల రోజు పొద్దున్న మా ఊరి పెండా జాలో ఓటు గదిలోంచి నవ్వుకుంటూ బయటికొచ్చింది. బా వంశం వాళ్ళూ జాలో వంశం వాళ్ళూ వేళాకోళపు చుట్టాలు. ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు, ఎవరూ అడ్డుపడకూడదు. మూడు తరాల నుంచీ అదే వరస.

"ఒరే నా బానిసా! నీ తెల్ల డబ్బాలో వేశాన్రా. టింగుమంది!" అంది దగ్గరికొచ్చి.

మాస్టారు రెండడుగులు ముందుకొచ్చాడు.

"తెల్లదా? నాది బూడిద రంగు కదే!"

"అరుగుమీద నువ్వు నేర్పింది తెల్లదేగా! మా వీధంతా అదే వేస్తోంది." అప్పుడు అర్థమై ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వరసలో ఇంకా అరవై మంది ఉన్నారు. పోటీ చేసేవాడు అక్కడ నోరు విప్పకూడదు, అతని తరఫున ఎవరూ ప్రచారం చేయకూడదు. మాస్టారు పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. టింగ్. మరొకరు. టింగ్. ప్రతి మోతకీ బడి రేకు ఒకటి ఊడిపోతున్నట్టే ఉంది.

పెండా ఆయన చెవి దగ్గరికి వంగింది. "నువ్వు మాట్లాడకూడదు. నేను నిన్ను తిట్టొచ్చుగా? నన్ను ఆపేదెవడు?" జవాబు కోసం ఆగలేదు. వరస పొడుగునా నడుస్తూ గొంతెత్తింది. "చూడండ్రా ఈ బూడిద మొహం బా గాణ్ణి! బూడిదలో పుట్టాడు, బూడిద తిన్నాడు, వీడి డ్రమ్ము కూడా బూడిదే!"

జనం గొల్లుమన్నారు. పోలీసూ నవ్వాడు. నవ్వని మనిషి ఒక్కడే, ఎన్నికల అధికారి ఆర్ఫాంగ్ సీసే. మాస్టారి శిష్యుడే. ఏడో తరగతి పరీక్షలో అతను తన తమ్ముడికి ఒక్క జవాబు చెప్పినందుకు మాస్టారు ఇద్దరి కాగితాలూ చించేశాడు. ఆర్ఫాంగ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"మాస్టారూ, ఇది వేళాకోళమా, ప్రచారమా? మా వంశానికి మీతో ఈ వరస లేదు, నాకు తెలీదు. మీరేదంటే అదే రాసుకుంటాను."

పెండా నోరు మూసింది. వరస మొత్తం ఆయన వైపే చూసింది. వేళాకోళమంటే చాలు, కాదనే మొనగాడు జిల్లాలో లేడు. మాస్టారు బడి రేకుల వైపు చూశాడు. తర్వాత ఆర్ఫాంగ్ మొహంలోకి చూశాడు.

"ప్రచారమే," అన్నాడు. "ఆవిణ్ణి పంపించెయ్."

తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

నెల తిరక్కుండానే బడి రేకులు పడవెక్కి అవతలికి పోయాయి. మొండిగోడల మధ్య మాస్టారు ఆ డబ్బా ముందేసుకుని సున్నం గీకుతుంటే పెండా వచ్చి దూరంగా నిలబడింది. ఓట్ల రోజు నుంచీ ఆవిడ ఆయన కంటబడలేదు. ఇప్పుడు కూడా తిట్టలేదు. తిట్టే హక్కు పోయిందనుకున్నట్టు చేతులు నలుపుకుంటోంది.

మాస్టారు తలెత్తకుండానే అన్నాడు. "ఏమే ముసలిదానా! గాడిదేదో ఆవేదో తెలియక మీ తాత గాడిదకి పాలు పితికాడట. ఆ జాలోల పిల్లకి తెలుపూ బూడిదా ఎలా తెలుస్తాయి?"

పెండా చేతులు నలుపుకోవడం ఆపింది.

"మా తాత పితికింది మీ తాతనేరా, సన్నాసీ," అంది చివరికి. ఆ మాట అనగలిగాకే ఆవిడకి ఏడుపొచ్చింది.