వంగని రేకు

తార్నాక మెట్రో దిగి క్యాంపస్ వైపు నడుస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ కోపమంతా మా ల్యాబ్ మీదే.

కృత్రిమ గుండె కవాటం రక్తపు ఉరవడికి ఎలా తెరుచుకుంటుందో, సరిగ్గా మూసుకుంటుందో లేదో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా పీహెచ్‌డీ పని. ఆ లెక్కను బట్టే ఒక ఆస్పత్రి డాక్టరు ఏ డిజైను తయారుచేయించాలో నిర్ణయిస్తారు. ముందు రక్తం పారే చోటునంతా చిన్న చిన్న గడులుగా విడగొట్టాలి. దాన్నే మెష్ అంటాం. కవాటంలో తలుపు రెక్కలా తెరుచుకునే పలుచని రేకు వంగినప్పుడు పక్కనున్న గడులు నలిగి తిరగబడతాయి, లెక్క అక్కడే ఆగిపోతుంది.

దీనికి మా ల్యాబ్‌లో ఒక ఆచారముంది. దసరాకు సర్వర్‌కు కుంకుమ పెట్టినంత భక్తిగా అందరూ సీనియర్ల ఫైలునే వాడతారు. అందులో మెత్తగా ఉండాల్సిన రేకును చెక్కలా బిగించేశారు. అది కాస్త కదిలినట్టు నటించి మళ్లీ తన చోట కూర్చుంటుంది. గడులు నలగవు, రంగురంగుల బొమ్మ వస్తుంది.

ఇది కనిపెట్టి మా గైడు దగ్గరికి పరిగెత్తాను.

"ఏందమ్మా, రన్ అయితున్నది గదా! గింత లొల్లి ఎందుకు? డాక్టర్‌కు రిపోర్ట్ గూడ పోయింది. నువ్వు జల్ది సబ్మిట్ చెయ్," అన్నారాయన.

సిగ్గనేది ఉండొద్దా మనిషికి! తార్నాక చౌరస్తాలో చాయ్ చల్లారిపోయేదాకా తిట్టుకున్నాను. మర్నాటి నుంచి మెత్తని రేకుతోనే పని మొదలుపెట్టాను. దాని చుట్టూ గడులను సన్నగా వరుసలు పేర్చి, అవి నలిగినప్పుడల్లా మళ్లీ కొత్తగా అల్లుకుంటూ పోయాను. నెలలు పట్టింది. చివరికి రేకు వంగింది, తెరుచుకుంది, కానీ పూర్తిగా మూసుకోలేదు. ఆ సందులోంచి రక్తం వెనక్కి కారింది.

ఈ ఫలితం చూపించిన నా సెమినార్‌కు ఆ డాక్టరూ వచ్చారు. "పాత రిపోర్టుల లీకేజీ లేదన్నరు గదా?" అని అడిగారు.

గైడు నవ్వారు. "మా అమ్మాయి మెష్ ఇంప్రూవ్ చేసింది సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మెష్ ఒక్కటే కాదు సార్. లెక్క ఆగిపోతదని ఇన్నేండ్లు రేకునే వంగనియ్యలేదు," అన్నాను.

గైడు మొహం మాడిపోయింది. డాక్టరు లేచి నిలబడ్డారు.

"మరి గా రిపోర్టు చూసే గదమ్మా మేం డిజైన్ ఫైనల్ చేసింది?"

జవాబు చెప్పాల్సిన వాళ్లంతా అప్పటికే భోజనాలకు లేచారు.