రుమాలు కింది బేరం

నా రిటైర్మెంటుకు ముందటి ఏడు, పసుపు సీజన్ నడుమ, సర్కారు పసుపు అమ్మకాల మీద విచారణ వేసింది. అప్పుడు నేను ఆర్మూర్ మార్కెట్ యార్డుల సూపర్‌వైజర్‌ను. అటెండర్‌గా చేరి, మార్కెట్ చట్టం నా అంతట నేనే చదువుకొని ఆ కుర్చీ దాక వచ్చినోణ్ణి. విచారణ చేసేది రిటైర్డ్ జడ్జి ఒక్కరే. ఆయన మా శాఖకు జవాబుదారీ కాదు. ఎక్కడైనా కూర్చొని, ఎవరినైనా పిలిచి సాక్ష్యం తీసుకోవచ్చు.

అప్పట్ల రేటు నోటితోని చెప్పేది లేదు. కొనే వ్యాపారి, రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు, ఇద్దరూ చేతుల మీద రుమాలు కప్పుకొని వేళ్ళు ఒత్తి బేరం తెంపేది. కుప్ప పక్కన నిలబడ్డ రైతుకు రుమాలు ఒక్కటే కనబడేది.

మా ఆఫీసర్లు విచారణను హాలుల పెట్టిండ్రు. ముందు వరుసల అడ్తిదారులు, వెనక నిలబడి రైతులు. ఒక్కొక్కరే వచ్చి అంతా మంచిగనే ఉన్నదని చెప్పి పోయిండ్రు. రేపు తమ కుప్ప అమ్మిపెట్టేటోని ముందట ఇంకేం చెప్తరు? నాకు ఒళ్ళు మండింది. లేచి, కుప్పల కాడికి రమ్మని జడ్జి గారిని అడిగిన. మా సెక్రటరీ నా దిక్కు గుడ్లురిమిండు. జడ్జి గారు చేతికర్ర అందుకొని లేచిండు.

వేల్పూర్ రైతు రాజవ్వ పసుపు కుప్ప ముందు ఆగి, బేరం ఎట్ల జరుగుతదో చూపమన్నడు. అడ్తిదారు శంకరయ్యకు తన పనితనం మీద మస్తు గర్వం. "జడ్జిసాబ్, జర చెయ్యి ఇటియ్యుండ్రి. మీ కోర్టు ఫైసలా కన్న జల్ది అయితది" అని రుమాలు కప్పి వేళ్ళు ఒత్తిండు. అందరూ నవ్విండ్రు.

జడ్జి గారు చెయ్యి తియ్యలే. అట్లనే రాజవ్వ దిక్కు తిరిగి, ఈయన నాకేం రేటు చెప్పిండమ్మా అని అడిగిండు.

ఆమె శంకరయ్యను చూసింది. ఏటేటా ఆమె పసుపు అమ్మిపెట్టేది ఆయనే. కొంగు సవరించుకున్నది.

"నాకెట్ల ఎరుక సారూ? పంట నాది. రేటు మీ ఇద్దరి చేతులల్ల ఉన్నది."

స్టెనో ఆ మాటను అన్నది అన్నట్టే రాసుకున్నడు.

ఆ మధ్యాహ్నం వ్యాపారులు ఆమె కుప్పను దాటుకుంట పోయిండ్రు. ఒక్కడూ ఆగలే. శంకరయ్య చాయ్‌కి పోయిండు. సాక్ష్యం చెప్పినందుకు ఆమె పసుపు తిరిగి వేల్పూర్ బండెక్కుడు నేను చూడదలుచుకోలే. కుప్ప పక్కన నిలబడి, నా సర్వీసుల మొదటిసారి, రేటు నోటితోని పలకమని వ్యాపారులను గట్టిగ అడిగిన. ఎవరి ఆర్డర్‌తోని అని సెక్రటరీ లేచిండు. జడ్జి గారు ఇంకా యార్డులనే ఉన్నరు, సాక్షికి ఏమైతున్నదో అది గూడ రికార్డుకెక్కుతదని చెప్పిన. పెర్కిట్ వ్యాపారి ఒకాయన నోరు విప్పిండు. ఆయన మీద ఇంకొకాయన ఎక్కువ రేటు పాడిండు. రాజవ్వ పసుపు ఆమె వింటుండంగనే అమ్ముడుపోయింది.

జడ్జి గారి నివేదిక చాలా కాలం సర్కారు బీరువాల పడున్నది. నేను రిటైరైనంక నిబంధన మారింది. రుమాలు బేరం బంద్. సరుకు యజమాని వినేటట్లు రేటు పలకాలె. అందుల రాజవ్వ పేరు లేదు, నా పేరూ లేదు. "యజమాని వినేటట్లు" అన్న మాట ఏ కుప్ప కాడ పుట్టిందో నాకు ఎరుకే. దానికి ఇప్పటికీ గర్వపడుత.

విచారణకు శిక్ష వేసే అధికారం లేదు, చట్టం రాసే అధికారమూ లేదు. హాలుల కూసున్నంతసేపు దానికి "అంతా మంచిగనే ఉన్నది" అన్న మాటే దొరికింది. కుప్ప కాడికి నడిచినంక, మాకు తెల్వదు అని చెప్పుకునే వీలు సర్కారుకు లేకుండ పోయింది.