కసాయి పిట్ట పేరు చెప్పిన సారు

మా సారు పోయిన కబురు మంగళవారం పొద్దున్నే వచ్చింది. పొలం గట్టు మీద కూలిపోయారట, దవాఖానకు చేరకముందే ప్రాణం పోయిందట. కబురు తెచ్చిన పక్కింటి చిన్నమ్మ నాతో మాట్లాడుతూనే నన్ను కన్న అవ్వ వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆరేళ్ల కింద మా వాడంతా అవ్వను అలాగే చూసింది.

ధర్మపురికి ఇవతల మా ఊరి బడిలో ఆయన జీవశాస్త్రం చెప్పేవారు. రిటైరైనా ఊరు వదల్లేదు. బజారులో ఎవరు ఎదురైనా ఆపి, ఏదో ఒక పిట్టదో చెట్టుదో పేరు పుట్టుపూర్వోత్తరాలు చెప్పనిదే కదలనిచ్చేవారు కాదు. ఆయన్ని చూసి పక్క సందులోకి తప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

అవ్వ పెనిమిటి, మా బాపు పోయిన కొన్నాళ్లకే మా చెలక అంచున రేగుకంప ముల్లుకు ఒక తొండపిల్ల గుచ్చి ఉండగా కనిపించింది. పక్కన రెండు మిడతలు. అదే వారం ఎదురింటివాళ్ల బర్రె చచ్చింది. ఇంకేముంది, అవ్వ మంత్రాలు చేస్తోందన్నారు. నల్లా కాడ అవ్వ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు జరుపుకునేవారు. ఒకనాడు పదిమంది మా వాకిట్లోకి వచ్చారు. ఒకడి చేతిలో కట్టె ఉంది. అవ్వ నా వెనక నిలబడింది.

ఎవరు చెప్పారో ఏమో, సారు చెప్పులైనా వేసుకోకుండా వచ్చారు.

"గా ముల్లుకు గుచ్చింది ఈమె కాదు, పిట్ట" అన్నారు. "దాని పేర్లనే ఉన్నది. లానియస్ విట్టాటస్. లానియస్ అంటే లాటిన్ల కసాయి. విట్టాటస్ అంటే పట్టీ కట్టుకున్నది. దాని కండ్ల మీదికెళ్లి నల్ల పట్టీ ఉంటది. దొరికినదాన్ని ముల్లుకు తగిలేసుకొని తింటది. నమ్మకుంటే నడువుండ్రి, చూపిస్త."

ఎండలో అందరినీ కంపకు దూరంగా కూర్చోబెట్టారు. కట్టె పట్టుకున్నవాడు రెండుసార్లు లేవబోయాడు.

"జర ఆగరాదు. ఒక్క బీడీ తాగినంత సేపు."

నాలుగు బీడీలయ్యాయి. అప్పుడొచ్చింది, పిడికెడంత పిట్ట. ఇటుక రంగు వీపు, కళ్లకు నల్లపట్టీ. తెచ్చిన మిడతను ముల్లుకు గుచ్చి తీరిగ్గా చీల్చుకుని తింది. కట్టె పట్టుకున్నవాడు ఎవరూ చూడట్లేదనుకుని ఆ కట్టెను పొదలో పడేశాడు.

ఆ తర్వాత నేనే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లేదాన్ని. "గంత ముద్దుగున్న పిట్టకు కసాయి అని పేరేంది సార్?" అంటే, "పేరు పెట్టినోడు దాని పని చూసిండు బిడ్డా. పాపమని రాయలే. గది మనం కలుపుకున్నం" అన్నారు. అదే జాతిలో ఇంకో పిట్టకు దాని అరుపే పేరైందని, "షాఖ్, షాఖ్" అని బజారులో నిలబడి అరిచి చూపించారు. బాపు పోయాక నేను కడుపారా నవ్వింది ఆ రోజే. అవ్వ ఇంకా నా కళ్ల ముందు ఉందంటే అదీ ఆయన చలవే.

మూడో నాడు వాగు కాడ పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా పద్ధతి. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి, ఎంతకీ దిగలేదు.

"సారుకు మనసుల ఏదో ఉన్నది" అన్నారెవరో.

"ఉండదా? అడ్డం నిలబడ్డందుకు ఆమె ఆయన్నే మింగె" అంది వెనక నుంచి ఇంకో గొంతు.

తలలన్నీ అవ్వ వైపు తిరిగాయి. నేను లేచి, సారు చెప్పినట్టే ఆ పిట్ట పేరు, దాని అర్థం చెప్పాను. ఎవరూ తలూపలేదు. సారు భార్య ఒక్కతే వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇవాళ పొద్దున అవ్వ కంటే ముందు నేను లేచాను. మా గేటుకు తొండపిల్ల ఒకటి వేలాడుతోంది. దగ్గరికెళ్లి ముల్లు కోసం వెతికాను. లేదు. దాని మెడకు ఎర్రదారం చుట్టి గట్టిగా ముడి వేశారు. ఏ పిట్టకూ ముడి వేయడం రాదు.

లోపల అవ్వ వాకిలి ఊడ్వడానికి చీపురు తీస్తున్న చప్పుడైంది. నా వేళ్లకు ఆ ముడి ఊడి రావడం లేదు.