వ్యాను ఎక్కే చోటు

అమలాపురంలో కాకినాడ బస్సెక్కి, ల్యాప్‌టాప్‌లో మా రొయ్యల షెడ్డు రిపోర్టు తెరిచాను. షెడ్డులో పనికి వచ్చే ఆడవాళ్ళు ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకు వ్యాను ఎక్కుతారో అందులో ఉంటుంది. సేవ్ చేయబోతే, ఫైలు ఎవరెవరు చూడొచ్చో చెప్పే లేబుల్ ఏది పెట్టాలని అడిగింది. ఎప్పటిలాగే విసుక్కుంటూ ‘సాధారణం’ నొక్కాను.

పక్క సీటులో ఉన్నావిడ స్క్రీన్ వైపు చూసి అడిగింది. "ఇది ఎవరైనా చూడొచ్చాండీ?"

"చూడొచ్చండి."

"మా షెడ్డులో ఇలాంటి కాగితమే మా ఆయన చేతిలో పడిందండి. అప్పటికి ఆయనకి కనపడకుండా బతుకుతున్నానండి. వ్యాను ఎక్కే చోట కొబ్బరికత్తి పట్టుకుని కాపు కాసేడు. మెడ మీద వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేనండి."

ఆ చేతికి రెండు వేళ్ళే మిగిలాయి. వాటితోనే నా ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించి, మురమళ్ళలో దిగిపోయింది.

మళ్ళీ తెరిచి, లేబుల్ ‘రహస్యం’గా మార్చాను. ఇక ఆ ఫైలు ఎవరికి దొరికినా అనుమతి లేనిదే తెరుచుకోదు. ఆ పనికి నాకు ఒక్క వేలు సరిపోయింది.