గడ్డి మొలిచిన సమాధి

రోస్విటా నాటిన బెగోనియాలు సమాధుల తోట ఆఫీసు వెనక చెత్తకుప్పలో దొరికాయి. వేళ్లకున్న మట్టి ఇంకా తడిగానే ఉంది. పక్కనే ఎవరో పెట్టిన బొమ్మ ఎలుగుబంటి, సగం గాలి పోయిన బెలూన్ పడి ఉన్నాయి. ఆవిడ స్వెట్టర్ విప్పి కింద పరిచి, ఒక్కో మొక్కా ఏరి అందులో వేసింది. ఆ మొహం చూసి నేను కారు తాళాలు జేబులో వేసుకున్నాను. ఇప్పట్లో ఇంటికి వెళ్లబోమని తెలిసిపోయింది.

రోస్విటా 1957లో మొగుడు ఏగొన్‌తో కలిసి కాసెల్ దగ్గరి పల్లె నుంచి అమెరికాలోని విస్కాన్సిన్ వచ్చింది. ఆయన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిముట్లు చేసేవాడు. ఆవిడ ఒక బట్టల షాపు వెనక గదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల ప్యాంట్లు కురచ చేసేది. నాదీ జర్మనీయే, బ్రెమెన్. మేమిద్దరం బేకరీ లైన్లో, ఇక్కడి రొట్టె మెత్తదనాన్ని తిట్టుకుంటూ స్నేహితులమయ్యాం. అయినా చాలా ఏళ్లు ఒకరినొకరం 'మీరు' అనే అనుకున్నాం. ఒక క్రిస్మస్‌కి ఆవిడే గ్లాసు పక్కన పెట్టి, "గుడ్రున్, ఇక నన్ను నువ్వు అను" అంది. పెద్దది కాబట్టి ఆ మాట ఆవిడే అనాలి, నేననకూడదు. ఈ దేశంలో ఆ గొడవే లేదు. పరిచయమైన నిమిషానికి పేరు పట్టుకుంటారు, రెండో నిమిషానికి దాన్ని ముక్క చేసి రోజీ అంటారు.

ఏగొన్ సెప్టెంబరులో పోయాడు. ఆవిడ కోపం అప్పుడే మొదలైంది. ఇక్కడ శవం బుగ్గలకి రంగు పూసి, జుట్టు దువ్వి, పెట్టె మూత తీసి పెడతారు. వచ్చినవాళ్లు శాండ్‌విచ్ నములుతూ తొంగి చూసి "ఎంత బాగున్నాడో" అంటారు. ఒకడైతే గోల్ఫ్ ఆడేవాళ్ల చొక్కాతోనే వచ్చాడు. ఆ మాట నాలుగైదుసార్లు విన్నాక రోస్విటా, "అంత బాగుంటే పాతిపెట్టడం దేనికి, ఇంటికి తీస్కెళ్తా" అంది. అందరూ నవ్వారు. ఆవిడ జోకు వేయలేదు. ఇక్కడ మన కోపానికి ఇచ్చే మర్యాద అదే, నవ్వేసి పక్కకి తిరుగుతారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సమాధుల తోట ఊరవతల హైవే పక్కన ఉంది. కాలిబాట లేదు, బస్సు లేదు. రోస్విటాకి కారు నడపడం రాదు, అందుకని శనివారం శనివారం నేనే తీసుకెళ్లేదాన్ని. మా దగ్గర అలా కాదు. సమాధులు చర్చిని ఆనుకునే ఉంటాయి, రొట్టెకి వెళ్తూ కలుపు తీసి, వస్తూ నీళ్లు పోసి రావచ్చు. కుళాయి పక్కన నీళ్ల డబ్బాలు వరసగా వేలాడుతుంటాయి. మా ఊళ్లో సగం పెళ్లి సంబంధాలు ఆ కుళాయి దగ్గరే కుదిరేవి. ఇక్కడేమో రాళ్లని నేలకి సమంగా పరిచేస్తారు, గడ్డి కోసే మిషను మీద నుంచి పోవడానికి. ఎటు చూసినా గడ్డే. గేటు మీద మాత్రం తోట అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ తోటలో పువ్వు నాటితే పీకి పారేస్తారు.

మంచు కరగ్గానే ఆవిడ నాటిన పాన్సీలు వారం తిరక్కుండా మాయమైతే, జింకలు తిన్నాయనుకుంది. ఇంకోసారి నాటి, ఆ వాసనకి జింకలు రావని సబ్బు ముక్కలు తెచ్చి చుట్టూ వేసింది. మళ్లీ పోయాయి. పిల్లలెవరో పీకుంటారులే అని సరిపెట్టుకుంది. మనుషులు, అందులోనూ జీతం తీసుకునే మనుషులు, సమాధి మీది పూలు పీకుతారన్న ఊహ ఆవిడకి రాలేదు. నాకూ రాలేదు. అందుకే అసలు సంగతి తెలియడానికి జూన్‌లో బెగోనియాలు చెత్తకుప్పలో కనబడేదాకా పట్టింది.

ఆఫీసులో డేల్ ఉన్నాడు. ఆ తోటకి మేనేజరు, యాభై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే పళ్లన్నీ బయటపెట్టాడు.

"హాయ్ రోజీ. ఇవాళ వాతావరణం భలే ఉంది కదా."

రోస్విటా స్వెట్టర్ తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టి విప్పింది. మట్టి కాగితాల మీద పడింది.

"ఇవి పీకింది నువ్వేనా?"

"అయ్యో రోజీ, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ గేటు దగ్గర బోర్డు ఉంది కదండీ. రాయికున్న గ్లాసులో కోసిన పూలు పెట్టుకోండి, నేలలో మాత్రం నాటకూడదు. మిషనుకి అడ్డం."

"నా పేరు రోస్విటా. అంత పొడుగు నోరు తిరక్కపోతే మిసెస్ క్రుగ్ అను."

"అలాగే మిసెస్ క్రుగ్." నవ్వు చెక్కుచెదరలేదు. "మీరసలు శ్రమ పడక్కర్లేదండీ. సమాధిని చూసుకునే పని మాది, శాశ్వతంగా. మీరు రాకపోయినా పర్లేదు."

ఆ చివరి మాట మేలు చేస్తున్నాననుకునే అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది. రోస్విటా బల్ల మీదికి ఒంగింది.

"నా మొగుణ్ని నువ్వెందుకు చూస్కుంటావ్? ఇన్నేళ్లు ఆయన గుండీలు కుట్టింది నేను. మంచాన పడితే ఒళ్లు తుడిచింది నేను. ఇప్పుడు పోయాడని నీకు అప్పజెప్పి ఇంట్లో కూర్చోనా? నవ్వకు."

"నవ్వట్లేదండీ."

"నవ్వుతున్నావ్. వీటిని కుప్పలో పడేసేటప్పుడు కూడా ఇలాగే నవ్వుంటావ్."

అప్పుడు పోయింది నవ్వు. డేల్ లేచి నిలబడ్డాడు, మొహం ఎర్రబడింది.

"మీకేం కావాలమ్మా? ఇక్కడ పడుకున్నోళ్లందరికీ ఎండనక వాననక గడ్డి కోస్తున్నా. ఒక్క కలుపు మొక్క చూపించండి చూద్దాం. తివాచీ పరిచినట్టు ఉంచుతున్నా. చచ్చిపోయినోళ్లకి ఇంతకంటే మర్యాద ఎవడు చేస్తాడు?"

"గడ్డి మర్యాదా?" రోస్విటా బల్ల మీద చరిచింది. "మా ఊళ్లో గడ్డి మొలిచిన సమాధంటే దిక్కులేని సమాధి. అడిగేవాళ్లు లేరని రాయికి చీటీ అంటిస్తారు. జాగా అద్దె గడువు తీరగానే రాయి లాగేసి ఇంకొకళ్లని పెడతారు. మా అమ్మని అలాగే తీసేశారు."

నాకు ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు నాకు చెప్పడానికి సిగ్గుపడిందేమో, డేల్‌కే చెప్పింది. ఏగొన్‌తో కలిసి ఊరెళ్లినప్పుడు స్టేషన్ దగ్గర పూలు కొనుక్కుని నేరుగా అమ్మ దగ్గరికి పోయిందట. అక్కడ కొత్త నల్లరాయి, దాని మీద ముక్కూ మొహం తెలియని మనిషి పేరు. పూలు చేతిలో అలాగే ఉన్నాయట. అన్నని నిలదీస్తే, "నువ్వు అమెరికాలో కూర్చుంటే నీళ్లు ఎవరు పోస్తారే? మా మోకాళ్లు పనిచెయ్యట్లేదు. గడువైపోయింది, వదిలేశాం" అన్నాడట. మా దేశంలో చచ్చినవాళ్లకీ అద్దె ఇల్లే. నాకు ఆ అన్న మీదా, ఆ ఊరి మీదా కూడా అంతే కోపం వచ్చింది.

అప్పుడు అర్థమైంది ఆవిడ వారం వారం ఆ మొక్కలతో ఎందుకు కుస్తీ పడుతోందో. నేల మీద పువ్వు లేకపోతే ఏగొన్‌ని కూడా తీసేస్తారని భయం.

డేల్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా, "ఇక్కడ తియ్యరండీ. ఆ జాగా ఆయనదే" అన్నాడు.

"ఎన్నేళ్లు?"

"ఏళ్లేంటి. ఎప్పటికీ."

"నేను పోయాక?"

"ఎప్పటికీ అంటే ఎప్పటికీనండీ. ఆయన పక్కన మీకున్న జాగా కూడా అంతే."

ఆవిడ స్వెట్టర్ చేతులు మూటలా ముడి వేసి, మొక్కలతో సహా బయటికి వచ్చేసింది. కోపం చల్లారిందనుకున్నాను. కారు హైవే ఎక్కగానే మళ్లీ మొదలుపెట్టింది.

"ఎప్పటికీ అట, విన్నావా? అందుకే ఇక్కడ చీమ కూడా కనపడదు. పోతుందన్న భయం ఉంటే కదా ఎవరైనా వచ్చేది. నా కూతురికి భయం లేదు. మిషను వస్తుంది, పోతుంది, అంతే. అక్కడేమో మా అమ్మకి రోజూ నీళ్లు పోసి పోసి ఆఖరికి రోడ్డున పడేశారు. రెండు చోట్లా వెధవలే."

"రెండో చోట మనవాళ్లే కదే" అన్నాను.

"మనవాళ్లే వెధవలు. ముందు చూసి నడుపు."

కూతురు శాండ్రా ఫీనిక్స్‌లో ఇళ్లు అమ్మిపెట్టే పనిలో ఉంది. ఆ సాయంత్రం రోస్విటా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఆమెకి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టడం వల్ల నేనూ విన్నాను.

"అమ్మా, వాళ్ల రూలు వాళ్లది. నాన్న అక్కడ లేడు. నాన్న నా గుండెల్లో ఉన్నాడు."

"గుండెల్లో అయితే హాయి. కలుపు తియ్యక్కర్లేదు."

"అలా మాట్లాడితే నేనేం చెప్పను?"

"ఏం చెప్పకు. వచ్చి నీళ్లు పొయ్యి."

శాండ్రా నవ్వింది. ఫోన్ పెట్టేసే ముందు "లవ్ యూ" అంది. రోస్విటా తొక్కలన్నీ ఒక్క విసురున చెత్తబుట్టలో కొట్టింది.

అక్టోబరులో ఒక సంచీ నిండా క్రోకస్ దుంపలు తెచ్చుకుంది. చిన్నుల్లిపాయంత ఉంటాయి, చలి పోగానే అన్నిటికంటే ముందు పూస్తాయి. సమాధి మీది గడ్డిని కత్తితో చుట్టూ కోసి, మూతలా పైకెత్తి, కింద దుంపలు పెట్టి, మళ్లీ మూసి చేత్తో ఒత్తింది. ఉడుతలు తవ్వకుండా కారం చల్లింది. నేను కారు దగ్గర నిలబడి డేల్ వస్తాడేమోనని చూస్తున్నాను.

"బోర్డు మీద నేల పైన ఏం ఉండకూడదో రాశారు. నేల కింద సంగతి వాడికెందుకు? మిషను బయటికి తీసేలోపే పూసి పోతాయి" అంది.

ఏగొన్ వైపే నాటింది. పక్కన తన జాగా వదిలేసింది. ఎందుకని అడిగాను.

"ఎలాగూ తవ్వుతారు, దుంపలు దండగ. నా వైపు శాండ్రా నాటాలి. నువ్వు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా."

"చచ్చాక ఎలా విరగ్గొడతావ్?"

"పక్కనే ఉంటాగా, ఎప్పటికీ."

ఏప్రిల్లో వెళ్లేసరికి అంత పెద్ద ఎండు గడ్డిలో ఏగొన్ ఒక్కడి మీదే ఊదా, పసుపు పూలు పూసి ఉన్నాయి. మంచం మీద దుప్పటి పరిచినట్టు అంచులు కూడా తిన్నగా ఉన్నాయి. డేల్ వచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నవ్వలేదు. "మిషను మే నెలలో గానీ తియ్యం" అని తనలో తను అనుకుంటున్నట్టు చెప్పి వెళ్లిపోయాడు.

"ఇవాళ వాడికి నవ్వు లేదు, మొహం ఉంది" అంది రోస్విటా.

ఆగస్టులో ఆవిడ వంటింట్లో పడిపోయింది. లేవలేదు. శాండ్రా వచ్చి అంతా ఇక్కడి పద్ధతిలోనే చేయించింది. నవ్వినప్పుడు తప్ప ఎప్పుడూ రంగెక్కని ఆ బుగ్గలకి గులాబీ రంగు పూశారు. పక్కింటామె తొంగి చూసి "ఎంత బాగుందో" అనబోయింది. "మూత వెయ్యండి" అని గట్టిగానే అరిచాను. శాండ్రా నన్ను కాల్చేసేటట్టు చూసింది గానీ, మూత వేయించింది.

అక్టోబరు రాగానే ఫోన్ చేసి, అమ్మ వైపు దుంపలు నాటాలి, రమ్మన్నాను.

"ఆంటీ, నాకు అస్సలు తీరట్లేదు. అక్కడ ఎవరినైనా పెట్టి వేయించకూడదా?"

"మీ అమ్మని పాతడానికి మనిషిని పెట్టావ్. పువ్వులకి కూడా పెడతావా? రా."

ఫోన్ పెట్టేశాను. రాదనుకున్నాను. శనివారం వచ్చింది, తెల్ల ప్యాంటు వేసుకుని.

రోస్విటా మీద అప్పటికే కొత్త గడ్డి పరిచేశారు. అతుకు కూడా కనపడటం లేదు. శాండ్రా దాన్ని చూసి ఊరటగా, "ఎంత నీట్‌గా ఉంచారో" అంది. నాకు ఎక్కడో కాలింది. అక్కడే నిలబెట్టి అంతా చెప్పాను. వాళ్ల అమ్మమ్మ రాయి, కొత్త పేరు, చేతిలో మిగిలిపోయిన పూలు, గడ్డి అంటే మా ఊళ్లలో ఏంటో, అన్నీ.

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు" అంది.

"నువ్వెప్పుడు అడిగావ్?"

చేతిపార ఆమె చేతిలో పెట్టాను. ఆ తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూలబడింది. గడ్డి కోయడం ఎలాగో చూపించాను, అంతకుమించి ముట్టుకోలేదు. ఆమె గుంట తవ్వి, దుంపలన్నీ గబగబా పెట్టేసి, మూత మూయబోయింది. నేను ఒంగి చూశాను.

"తలకిందులుగా పెట్టావ్."

"మొలవవా?"

"మొలుస్తాయి. చుట్టు తిరిగి ఆలస్యంగా పైకొస్తాయి. అప్పటికి డేల్ మిషను తీసుంటాడు."

శాండ్రా నావైపు చూడలేదు. చేతిపార పక్కన పడేసి, గడ్డి మూత మళ్లీ ఎత్తి, వట్టి చేతుల్తో మట్టిలోంచి దుంపలు ఒక్కొక్కటీ బయటికి తీసింది. ఒకదాన్ని పట్టుకుని, మొన పైకి తిప్పి, "ఇటా?" అంది. "అటే" అని కసిరాను. రెండోదానికీ అడిగింది. మూడోదానికీ అడిగింది. ఆఖరిది అయ్యేదాకా ప్రతి దుంపకీ అడుగుతూనే ఉంది, నేను ప్రతిసారీ కసురుతూనే చెప్పాను.